మా తాత 405 రైఫిల్ కోసం తిరిగిన తిరుగుడు: ఆర్మ్స్ షాపు, వించెస్టర్ ఫ్యాక్టరీ లెటర్, ఆన్‌లైన్ వాల్యుయేషన్ మీద నా రివ్యూ

ముందే రేటింగులు చెప్పేస్తా, టైం లేనోళ్లకి ఇది చాలు. మా టౌన్‌లో ఉన్న ఆర్మ్స్ షాపుకి, అందులో రిపేర్లు చేసే పెద్ద సాయిబు గారికి 5కి 5. అమెరికాలో కోడీ అనే ఊళ్లో ఉన్న మ్యూజియం వాళ్లు పాత కంపెనీ పుస్తకాలు చూసి, తుపాకీ ఎప్పుడు ఎట్లా తయారైందో రాసి ఇచ్చే ఫ్యాక్టరీ లెటర్‌కి 5కి 4. ఫొటోలు పంపండి మీ పాత తుపాకీ విలువ చెప్తాం అని డబ్బులు తీసుకున్న ఒక వెబ్‌సైట్‌కి 5కి 1. షాపు పేరు రాయట్లేదు, వాళ్లే వద్దన్నారు, లోపల జనాల తుపాకులు డిపాజిట్‌లో ఉంటాయి కాబట్టి ఊరికే పేరు పాకడం వాళ్లకి ఇష్టం లేదు. వెబ్‌సైట్ పేరు కూడా రాయను, నేను చెప్పాలనుకున్నది ఏం చూసి డబ్బు కట్టాలి, దేనికి కట్టకూడదు అని, అంతే.

ఇంక విషయానికి వస్తా. మాది భాకరాపేట దగ్గర పల్లె, చామల అడవి అంచున. మా తాత దగ్గర అమెరికా వించెస్టర్ కంపెనీ చేసిన, 405 అనే సైజు తూటా పేల్చే ఒక పెద్ద రైఫిల్ ఉండేది, తాత పోయినాక నాయన పేరు మీదకొచ్చింది, 2021లో నాయన పోయినాడు. లైసెన్స్ ఉన్న మనిషి పోతే తుపాకీ ఇంట్లో పెట్టుకోకూడదు, దగ్గర్లో ఉన్న పోలీస్ స్టేషన్‌లో గానీ లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర గానీ డిపాజిట్ చెయ్యాల, అది చట్టం. చాలామందికి ఇది తెలీదు, దుఃఖంలో ఉంటారు, బీరువా పైన అట్టే ఉండిపోతుంది, తర్వాత అదే కేసవుతుంది. మేం కర్మకాండలు అయిన మర్నాడే డీలర్ దగ్గర పెట్టినాం. స్టేషన్‌లో ఎందుకు పెట్టలేదంటే 2019 ఎలక్షన్లప్పుడు లైసెన్స్ తుపాకులన్నీ డిపాజిట్ చెయ్యమంటే నాయన ఒక స్టేషన్‌లో పెట్టినాడు, తిరిగి తెచ్చుకునేటప్పటికి ట్రిగ్గర్ గార్డ్‌కి దారంతో కట్టిన అట్టముక్క తడిసి, ఆ తడి ఇనుముకి పట్టి, సరిగ్గా అట్టముక్క సైజులో తుప్పు మచ్చ. అది చూసి నాయన రెండ్రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. అందుకే ఈసారి డీలర్ దగ్గరే, నెలకి కొంచెం అద్దె పడినా సరే.

ఆ డీలర్ షాపు గురించి. బయట నుంచి చూస్తే ఏదో పాత ఇనుప సామాన్ల కొట్టు మాదిరి ఉంటుంది, లోపల గోడ పొడుగూతా గాజు బీరువాలు, వాటికి గొలుసులు, రిజిస్టర్లు. నేను లైసెన్స్ పని ఎంతదాకా వచ్చిందో కనుక్కోడానికి పోతే పెద్ద సాయిబు గారు మా రైఫిల్ తీసి బల్లమీద పచ్చ ఉన్ని గుడ్డ పరిచి దానిమీద పెట్టినారు. ముందు ట్రిగ్గర్ కింద ఉన్న లివర్ కిందికి లాగి, లోపల చూసి, వేలు పెట్టి తడిమి, ఖాళీగా ఉందని నిర్ధారణ చేసుకున్నాకే నా వైపు చూసినారు. ఆయన చేతుల్లోకి ఎన్నిసార్లు వచ్చిన తుపాకీ అయినా ఇదే పద్ధతి, నేను ఐదారుసార్లు గమనించినా, ఒక్కసారి కూడా తప్పలేదు.

"దీన్ని దేంతో రుద్దినారు సామీ?" అన్నారు.

మా అమ్మ ప్రతి ఆయుధపూజకీ దీనికి కొబ్బరినూనె రాసి, పసుపు పూసి, కుంకుమ బొట్లు పెడుతుంది. అంతకుముందు మా అవ్వ పెట్టేది. అంటే ఎనభై ఏళ్లకి పైగా దసరాల కుంకుమ ఆ ఇనుముమీద పేరుకుని ఉంది, అక్షరాల గాళ్లలో గట్టిగా పెంకు కట్టేసింది. నేను సిగ్గుపడతా చెప్తే ఆయన నవ్వలేదు. "పూజ మంచిదే, నూనే మంచిది కాదు, కొబ్బరినూనె ఎండి జిగురైపోతాది" అని చెప్పి, కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు వేసి కాసేపు నానబెట్టి, చీపురుపుల్ల చివర చెక్కి దాంతో మెల్లగా గీకడం మొదలుపెట్టినారు. ఇనుప సూది వాడరు, బ్రష్ వాడరు, సాండ్‌పేపర్ పేరెత్తితే ఆయనకి కోపం. ఎర్రటి ముద్ద పుల్ల కొసకి వస్తా ఉంటే ఆయన పాత బనియన్ గుడ్డకి తుడుచుకుంటా, మళ్లీ గీకుతా. ముందు ఒక 4 కనపడింది, తర్వాత 405, దాని పక్కన మూడు అక్షరాలు, తర్వాత పైన కోడిగుడ్డు ఆకారంలో ఒక చిన్న గుండ్రం, అందులో డబ్ల్యూ, పీ కలిసి ఉన్నాయి. మా ఇంట్లో ఎవరూ ఇంతకు ముందు ఆ గుర్తు చూడలేదు. అమ్మ పెట్టే నడిమి బొట్టు కిందనే ఉంది.

ఆ గుర్తు ఫ్యాక్టరీ వాళ్లు తుపాకీని మామూలు కన్నా ఎక్కువ మందు పెట్టి కాల్చి, పగల్లేదు అని వేసే పరీక్ష ముద్ర. వించెస్టర్ కంపెనీ ఈ ముద్ర వెయ్యడం 1905లో మొదలుపెట్టింది, కాబట్టి మాది అంతకన్నా పాతది అయ్యుండదు. బ్యారెల్ కింద, కట్టె తీస్తే కనపడేచోట, కిరీటం కింద బీవీ, బీపీ, ఎన్‌పీ అని ఇంకో మూడు చిన్న ముద్రలు దొరికినాయి. అవి ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్‌వి. తుపాకులు పరీక్షించి ముద్ర వేసే సంస్థ, 1813 నుంచీ ఉంది. అమెరికాలో చేసిన తుపాకీ బ్రిటన్‌లో అమ్మాలంటే అక్కడ మళ్లీ పరీక్ష చేయించాలన్నది వాళ్ల చట్టం. అంటే అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రం న్యూ హేవెన్‌లో తయారైన రైఫిల్, ఇంగ్లండ్ పోయి, అక్కడ ముద్ర వేయించుకుని, ఓడెక్కి ఈ దేశం వచ్చి, చివరికి మా చామల అడవి అంచుకి చేరింది. ఈ మాట సాయిబు గారు చెప్తా ఉంటే నాకు ఒళ్లు జలదరించింది, చిన్నప్పటి నుంచి గోడకి చూసిన వస్తువు ఇది.

మోడల్ 1895 ఇది. జాన్ బ్రౌనింగ్ డిజైన్ చేసినాడు, వించెస్టర్ లివర్ రైఫిళ్లలో తూటాలు బ్యారెల్ కింద గొట్టంలో కాకుండా ట్రిగ్గర్ ముందు పెట్టెలో నిలువుగా పేర్చుకునేది ఇదే మొదటిది. దాని వల్ల మొన తేలిన తూటాలు కూడా వాడొచ్చు, గొట్టంలో అయితే ఒకదాని మొన ముందు తూటా వెనక భాగానికి తగిలి పేలే ప్రమాదం. 405 అనే తూటా 1904లో వచ్చింది, 300 గ్రెయిన్ల (అంటే దాదాపు 19 గ్రాముల) బుల్లెట్, పెద్ద జంతువుల కోసం. 1909లో అమెరికా మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ ఆఫ్రికా వేటకి తీసుకుపోయింది ఈ మోడలే, ఈ 405నే. మన వైపు చెప్పాలంటే పులుల్ని వేటాడి ఆ కథలు పుస్తకాలుగా రాసిన కెన్నెత్ ఆండర్సన్ వాడింది కూడా 405 వించెస్టరే. ఆయన పుట్టింది సికింద్రాబాద్ బొల్లారంలో, ఉండింది బెంగళూరులో, తిరిగింది మా మామండూరు, చామల అడవుల్లో కూడా. మా ఇంట్లో అందుకే ఒక కథ ఉండేది, ఎవరో దొర పులి కోసం వచ్చినాడనీ, తాత దారి చూపించినాడనీ, దొర సంతోషపడి పోతాపోతా రైఫిల్ ఇచ్చి పోయినాడనీ. మా అత్త అయితే ఆ దొర ఆండర్సనే అని గట్టిగా చెప్తుంది. ఈ కథ నిజమో కాదో తేల్చుకోవాలని నాకు అప్పుడే పట్టుకుంది, విలువ సంగతి తర్వాత.

ఇప్పుడు లెటర్. పాత వించెస్టర్ ఫ్యాక్టరీ లెడ్జర్లు వయోమింగ్ రాష్ట్రంలో కోడీ ఊళ్లో, బఫెలో బిల్ సెంటర్ ఆఫ్ ది వెస్ట్ అనే మ్యూజియంలో, కోడీ ఫైర్‌ఆర్మ్స్ మ్యూజియం వాళ్ల దగ్గర ఉన్నాయి. మార్లిన్, ఎల్‌సీ స్మిత్ కంపెనీల రికార్డులు కూడా వాళ్ల దగ్గరే. సీరియల్ నంబర్ ఇచ్చి ఫీజు కడితే లెడ్జర్‌లో ఆ నంబర్ పక్కన ఏం రాసుందో చూసి మ్యూజియం లెటర్‌హెడ్ మీద రాసి ఇస్తారు. అన్ని నంబర్లకీ రికార్డు లేదు, అది ముందే చూసుకోవాల. మోడల్ 1895కి అయితే 59,999 వరకే లెడ్జర్లు ఉన్నాయి, ఆ తర్వాత చేసినవి లక్షల్లో ఉన్నాయి, మొదటి ప్రపంచ యుద్ధంలో రష్యాకి చేసిన దాదాపు 3 లక్షలు కూడా వాటిలోనే. మా నంబర్ అరవై వేల లోపే. ఆ నంబర్ సాయిబు గారు పేపర్ మీద పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసి ఇచ్చినారు, ఎందుకంటే 3కీ 8కీ తేడా తెలీకుండా అరిగిపోయింది, ఫొటోలో నేను తప్పు చదివినా. ఇట్లాంటి చిన్న పనికే నేను 5కి 5 ఇచ్చేది.

డాలస్‌లో ఉన్న మా చిన్నాన్న కొడుకు కార్డుతో ఫీజు కట్టినాడు. లెటర్ మెయిల్‌లో వచ్చిన రోజు నేను ఆఫీసులో ఉన్నా, బాత్రూంలోకి పోయి చదువుకున్నా. ఒకే పేజీ. మోడల్, 405 క్యాలిబర్ (తూటా సైజు), గుండ్రం బ్యారెల్, మామూలు ట్రిగ్గర్, సీరియల్ నంబర్ కొట్టిన తేదీ, గోడౌన్‌కి చేరిన తేదీ, గోడౌన్ నుంచి బయటికి పోయిన తేదీ, ఆర్డర్ నంబర్. సంవత్సరం 1907. అంతే. ఎవరు కొన్నారు, ఏ దేశం పంపించారు అన్నది ఆ లెడ్జర్లలో రాయలేదు, కంపెనీ ఆ రోజుల్లో ఆ పుస్తకాల్లో ఆ వివరం రాసుకోలేదు. కోల్ట్ లాంటి వేరే కంపెనీల లెటర్లలో ఎవరికి పంపినారో ఉంటుంది కాబట్టి జనాలు ఇందులో కూడా ఉంటుందనుకుని కడతారు, అందుకే నేను ఒక పాయింట్ తగ్గించింది, మ్యూజియం తప్పేం లేదు, కట్టేవాళ్లు ముందే తెలుసుకోవాలని. కానీ ఉన్న సమాచారం మాత్రం బంగారం. లెటర్‌లో గుండ్రం బ్యారెల్ అని ఉంది, మా దానికి గుండ్రం బ్యారెలే ఉంది, క్యాలిబర్ అదే, అంటే మధ్యలో ఎవరూ బ్యారెల్ మార్చలేదు, పుట్టినప్పుడు ఎట్లుందో అట్లే ఉంది. పాత తుపాకీకి విలువ కట్టేవాళ్లు మొదట చూసేది ఇదే.

1907 అనే సంవత్సరం చెప్పగానే సాయిబు గారు చెయ్యి ఎత్తి "ఆగండి" అన్నారు. ఆ ఏడాదే బ్రిటిష్ వాళ్లు ఇండియాలోకి 450 సైజు రైఫిళ్లు, తూటాలు రాకుండా ఆపేసినారు, సైన్యం వాడే తూటాలు తిరగబడేవాళ్ల చేతికి పోతాయనే భయంతో. 303 కూడా అంతే. దాంతో ఇంగ్లండ్ కంపెనీలు హడావిడిగా 470, 465 లాంటి కొత్త సైజులు తయారు చేసి ఇండియా వేటగాళ్లకి అమ్మినాయి. మీ ఇంట్లో పాత ఇంగ్లిష్ డబుల్ రైఫిల్, అంటే రెండు గొట్టాలది, ఉండి దానిమీద 450 అని ఉంటే అది నిషేధానికి ముందుది అనీ, 470 అని ఉంటే తర్వాతది అనీ దాదాపుగా చెప్పెయ్యొచ్చంట. ఆ పరిస్థితిలో అమెరికా 405 ఏ సైన్యమూ వాడని తూటా, డబుల్ రైఫిల్ కన్నా బాగా చవక, అడవుల్లో తిరిగే ఉద్యోగులకి, ప్లాంటర్లకి, రైల్వే వాళ్లకి అందుబాటులో ఉండేది. మద్రాసులో మౌంట్ రోడ్డు పీ ఆర్ అండ్ సన్స్, ఇప్పుడు అందరికీ గడియారాల షాపుగా తెలుసు, ఒకప్పుడు తుపాకులు కూడా అమ్మినోళ్లే, ఇప్పటికీ పాత జమీందార్ల ఇళ్లల్లో బ్యారెల్ మీద వాళ్ల పేరున్నవి వస్తాయని చెప్పినారు. ఇవన్నీ ఆయన పుస్తకాలు చూసి చెప్పలేదు, చేతిలోకి వచ్చినవి చూసి నేర్చుకున్నవి, నేను తర్వాత వేరేచోట చదివి సరిచూసుకున్నా, తప్పు లేదు.

దొర కథ ఏమయింది అంటే, లెటర్ తేల్చలేదు, మా ఇంట్లోనే ఉన్న పాత లైసెన్స్ పుస్తకం తేల్చింది. లైసెన్స్ మార్పుకి పాత కాగితాలు అడిగితే అమ్మ ట్రంకుపెట్టె అడుగు నుంచి తీసింది, గోధుమరంగు గుడ్డ అట్ట, 1878 ఆర్మ్స్ యాక్ట్ కింద ఇచ్చింది, చిత్తూరు జిల్లా, మద్రాసు ప్రెసిడెన్సీ. చెదలు ఒక మూల తినేసినాయి. నేను అది చిన్నప్పుడు చూసినా కానీ ఎప్పుడూ చదవలేదు, ఇంగ్లిష్ గొలుసు రాత. సాయిబు గారు భూతద్దం పెట్టి ఒక్కొక్క మాటా చదివినారు. తుపాకీ వివరం, నంబర్ సరిగ్గా మాదే, తేదీ 1938, పక్కన "కొనుగోలు" అని అర్థం వచ్చే మాట, చిత్తూరులో ఒక రిటైర్ అయిన ఉద్యోగి దగ్గర. ఎందుకోసం అన్నచోట పంట కాపలా. దొరా లేదు, బహుమతీ లేదు, పులీ లేదు. అడవి పందుల నుంచి శనక్కాయ చేను కాపాడుకోడానికి మా తాత డబ్బులిచ్చి సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు. ఆండర్సన్ 1938 నాటికి ముప్పై ఏళ్లు కూడా లేని కుర్రోడు, రిటైర్ అయిన మనిషి ఆయన అయ్యే దారే లేదు.

ఇది అత్తకి చెప్తే ఆమె నమ్మలేదు, ఇప్పటికీ నమ్మదు, పర్లేదు. నాకు మాత్రం దొర ఇచ్చినదాని కన్నా ఇది గొప్పగా అనిపించింది. నాలుగెకరాల మెట్టచేను ఉన్న మనిషి ఆ కాలంలో లైసెన్స్ తెచ్చుకోడమే గగనం, తాసిల్దారు సిఫార్సు, జామీను, ఎన్నిసార్లు తిరిగుంటాడో, శనక్కాయలు అమ్మిన డబ్బులు ఎన్ని పంటలవి కూడబెట్టుంటాడో. అమ్మ చెప్పింది, తాత పందుల మీద దీన్ని కాల్చింది బహుశా నాలుగైదు సార్లేనంట, తూటా ఖరీదు అంత, మిగతా రాత్రులు మంచెమీద డబ్బా వాయించుకుంటా కూర్చునేవాడంట. భుజానికి ఆనించే బట్ చివర ఇనుప రేకు చంద్రవంక ఆకారంలో లోపలికి వంగి ఉంటుంది, కాలిస్తే ఆ రెండు కొనలూ భుజంలోకి దిగుతాయి, తాత కుడి భుజం మీద ఒక నల్లటి మచ్చ ఉండేదని నాయన చెప్పేవాడు. మేం అది పుట్టుమచ్చ అనుకునేవాళ్లం.

విలువ సంగతికి వస్తా, మీలో చాలామంది ఇందుకోసమే చదువుతా ఉంటారు. నేను ముందు చేసిన తప్పు, షాపుకి పోకముందే ఒక వెబ్‌సైట్‌లో ఫొటోలు పెట్టి డాలర్లలో ఫీజు కట్టడం. వారం తర్వాత ఒక పేరా వచ్చింది, మంచి కండిషన్ అయితే ఇంత నుంచి ఇంత, ఆ ఇంతకీ ఇంతకీ మధ్య మూడు రెట్లు తేడా. ప్రూఫ్ ముద్రల గురించి ఒక్క మాట లేదు, బ్యారెల్ లోపల ఎట్లుందని అడగలేదు, బ్యారెల్ లోపలి గాళ్లు అరిగినాయా లేదా తెలీకుండా ఏ పాత రైఫిల్‌కీ విలువ కట్టడం కుదరదు. అన్నిటికన్నా పెద్ద సంగతి, అవి అమెరికా ధరలు. మా డాలస్ తమ్ముడు కూడా ఇక్కడ వేల డాలర్లు వస్తాయన్నా, పంపించెయ్ అన్నాడు. పంపలేం. మన దేశంలో వందేళ్లు దాటిన వస్తువు 1972 పురావస్తువుల చట్టం కింద పురావస్తువు అవుతుంది, ప్రైవేటు మనుషులు దేశం దాటించకూడదు. కాబట్టి అక్కడ దాని ధర ఎంతైనా మనకి అది ధర కాదు.

ఇక్కడ కొనగలిగేది లైసెన్స్ ఉన్నవాళ్లే, వాళ్లు మొదట అడిగేది తూటాలు దొరుకుతాయా అని. 405 తూటాలు అమెరికాలో ఇప్పటికీ తయారవుతున్నాయి కానీ ఇక్కడ షాపుల్లో లేవు, రైఫిల్‌కి ఎక్కువగా దొరికేది మన ప్రభుత్వ ఆర్డినెన్స్ ఫ్యాక్టరీల 315 తూటాలు. అందుకే చరిత్ర ఎంత ఉన్నా మామూలు 315 రైఫిల్ కన్నా మా దానికి గిరాకీ తక్కువ. సాయిబు గారు మొహమాటం లేకుండా చెప్పినారు, "కాల్చేవాడికి అమ్మితే లక్ష కూడా రాదు, పాతవి దాచుకునేవాడు ఎవడన్నా దొరికితే అప్పుడు ఈ లెటరూ, ఈ లైసెన్స్ పుస్తకమూ ఉంటే వాడు ధర పెంచి మాట్లాడతాడు, అవి లేకుంటే ఇది ఒట్టి ఇనుము." ఆయన షాపే కొనుక్కోడానికి అవకాశం ఉండి కూడా తక్కువ చేసి గుంజుకోవాలని చూడలేదు, అమ్మొద్దు అనే చెప్పినారు. తుప్పు మచ్చ గురించి అడిగినా, మళ్లీ నీలం కలిసిన నల్లరంగు ఎక్కిస్తే కొత్తదాని మాదిరి కనపడుతుంది కదా అని. "చేస్తే నాకు డబ్బులొస్తాయి, మీకు పోతాయి" అన్నారు. ఫ్యాక్టరీలో ఎక్కిన అసలు నీలం రంగు అక్కడక్కడా లివర్ పక్కన, ఎలుక బొచ్చు రంగులోకి మారకుండా ఇంకా మిగిలి ఉంది, దాన్ని చెరిపేస్తే తిరిగి రాదు. తుప్పు పాకకుండా నూనె పట్టించి ఆపినారు, మచ్చ మచ్చగానే ఉంది. కట్టెకి మాత్రం కాచిన అవిసె నూనె అరచేత్తో రుద్దినారు, మూడు రోజులు, రోజుకొక పూత, వాల్‌నట్ కట్టె గీతలు బయటపడినాయి.

లైసెన్స్ విషయంలో కూడా ఆ షాపు వాళ్లే దారి చూపించినారు, అది వాళ్ల పని కాకపోయినా. జిల్లాలు విడిపోయిన టైం కాబట్టి మా ఫైల్ ఏ ఆఫీసులో ఉందో తెలీక నెలలు గడిచిపోయినాయి. కొన్ని సంగతులు మీకు పనికొస్తాయని రాస్తున్నా. 2016 ఆర్మ్స్ రూల్స్ ప్రకారం లైసెన్స్‌దారు పోయినాకే వారసుడికి రావాలని ఏమీ లేదు, ఆయనకి 70 ఏళ్లు నిండినా, ఆ తుపాకీ 25 ఏళ్లు ఆయన దగ్గరున్నా బతికుండగానే వారసుడి పేరుకి అడగొచ్చు. ఈ రూల్ మాకు ముందే తెలిసుంటే నాయన చేతుల మీదుగా అయ్యేది, డిపాజిట్ అవసరమే వచ్చేది కాదు. మీ ఇంట్లో డెబ్బై దాటిన పెద్దాయన ఉంటే ఈ నెలలోనే కదలండి. 2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండు తుపాకులే, ముందు మూడు ఉండేవి, వారసత్వంగా వచ్చినా ఈ రెండు దాటకూడదు. నాయనకి ఒక 12 బోర్ తుపాకీ కూడా ఉండేది కాబట్టి నాకు సరిగ్గా రెండూ సరిపోయినాయి. అక్క దగ్గర, అమ్మ దగ్గర అభ్యంతరం లేదని స్టాంపు పేపర్ మీద రాయించుకోవాల, అది మర్చిపోతే ఫైల్ వెనక్కొస్తుంది.

పాతది కదా లైసెన్స్ ఎందుకు అని అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు, మా బంధువుల్లోనే ఉన్నారు. అమెరికాలో 1898లోపు తయారైనవాటికి వేరే లెక్క ఉంది, అది విని ఇక్కడ కూడా అంతే అనుకుంటారు. మన 1959 ఆర్మ్స్ యాక్ట్‌లో మినహాయింపు ఉన్న మాట నిజమే, కానీ అది రిపేరు చేసినా కూడా పేలని పాత తుపాకులకే. మా దాని లివర్ ఇప్పటికీ లాగితే టక్‌మని పడుతుంది, నూటపదిహేనేళ్లు దాటినా. అది తుపాకీనే, లైసెన్స్ కావాల్సిందే. ఇంకొకటి, మీకు దొరికిన పాత రైఫిల్ మీద 303 అని ఉంటే లేదా సైన్యం గుర్తులుంటే దాని చరిత్ర వెతకడం పక్కన పెట్టి ముందు లాయర్‌నో డీలర్‌నో పిలవండి, అది నిషేధిత బోర్, అంటే మామూలు జనాలకి నిషేధించిన సైజు, మామూలు లైసెన్స్ మీద ఉండకూడదు.

ఇంగ్లిష్ తుపాకీ అయితే కోడీ వాళ్లతో పనిలేదు. వెస్లీ రిచర్డ్స్, హాలండ్ అండ్ హాలండ్, రిగ్బీ లాంటి కంపెనీలు ఇప్పటికీ నడుస్తా ఉన్నాయి, పాత లెడ్జర్లు వాళ్లవి వాళ్లే దాచుకున్నారు, సీరియల్ నంబర్‌తో వాళ్లకే రాయాల. వాటిలో ఎవరికి అమ్మినారో పేరు ఉండే అవకాశం ఉంది కాబట్టి మీ ఇంట్లో రాజా వారు ఇచ్చినారు, కలెక్టర్ ఇచ్చినాడు అనే కథ ఉంటే అక్కడ తేలొచ్చు. రాసేముందు మీ ఇంట్లో ట్రంకుపెట్టెలన్నీ ఒకసారి వెతకండి, నేను అమెరికా దాకా పోయినాక దొరికిన జవాబు అమ్మ పెట్టె అడుగునే ఉండింది.

పోయిన ఏడాది లైసెన్స్ నా పేరుకి వచ్చింది, దసరాకి రైఫిల్ ఇంటికి తెచ్చినా. అమ్మ పళ్లెంలో పసుపు కుంకుమ పట్టుకుని వచ్చి, ఇనుము వైపు చూసి, నా వైపు చూసి, "మరి ఎక్కడ పెట్టాల్రా?" అనింది. సాయిబు గారు కుట్టించి ఇచ్చిన కొత్త తోలు బెల్టు ఉంది, భుజానికి తగిలించుకునేది. దానిమీద పెట్టమన్నా. మూడు బొట్లు పెట్టి, పక్కన నాయన ఫొటోకి ఒకటి పెట్టింది.

షాపుకి పోయేవాళ్లకి: ఆదివారం సెలవు, శుక్రవారం మధ్యాహ్నం నమాజుకి పోతారు, మూడు దాటినాక పోండి. ఒరిజినల్ లైసెన్స్ చూపించకుండా తుపాకీ బల్లమీద పెట్టనివ్వరు, జిరాక్స్ ఒప్పుకోరు. క్లీనింగ్‌కి తీసుకున్న డబ్బుకి రశీదు ఇస్తారు, డిపాజిట్‌కి రిజిస్టర్‌లో సంతకం పెట్టించుకుంటారు. అట్టముక్క కట్టరు, రేకు బిళ్ల కడతారు.